కుండలోని నీరు, కాగితము మీది బాణములు

అడుగున చిల్లిగల కుండలో నిమిషమునకు ఒక గ్లాసు చొప్పున నీరు పోయుచున్నామనుకొనుడు. ఆ కుండ నిండునా, ఎండునా? ఈ ప్రశ్నను మా కళాశాలకు దగ్గరలోనున్న ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి పిల్లలను అడిగినాను. నీరు పోయుచున్నాము గనుక నిండునని సగముమంది అన్నారు. చిల్లి ఉన్నది గనుక ఎండునని మిగిలినవారు అన్నారు. వెనుక వరుసలోని ఒక బాలిక మాత్రము "చిల్లి ఎంతుంది సార్?" అని ఎదురు ప్రశ్న వేసినది.

ఆ బాలిక వేసిన ప్రశ్నను పెద్దవారు తరచుగా మరచిపోవుదురు. 2000 సంవత్సరములో లిండా బూత్ స్వీనీ, జాన్ స్టెర్మన్ అను పరిశోధకులు అమెరికాలో, ఎం.ఐ.టి. అని ప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, విద్యార్థులకు ఒక స్నానపు తొట్టి లెక్క ఇచ్చినారు. తొట్టిలోనికి వచ్చు నీరు ఎంతో, పోవు నీరు ఎంతో చూపు రేఖాపటములను ఇచ్చి, తొట్టిలో నిలుచు నీటి రేఖను గీయుడని అడిగినారు. దీనికి కలనగణితము అక్కరలేదు. కూడికలు, తీసివేతలు చాలును. గణితములో ఆరితేరిన ఆ విద్యార్థులలో చాలమంది తప్పు గీసినారు. రాకయొక్క రేఖ క్రిందికి దిగగానే నిలువకూడ దిగిపోవునని వారి భ్రమ. రాక తగ్గినను, అది పోకకంటె ఎక్కువగా ఉన్నంతవరకు నిలువ పెరుగుచునే ఉండునన్న సంగతి వారికి తట్టలేదు.

ఈ పొరపాటు పరీక్ష కాగితములోనే ఉండిపోయినచో ఎవరికిని నష్టము లేదు. కాని 2020లో కోవిడ్ వలన కర్మాగారములు, వాహనములు ఆగినప్పుడు ప్రపంచములో బొగ్గుపులుసు వాయువు విడుదల సుమారు నూటికి 5 వంతులు తగ్గినది. ఇక గాలి బాగుపడినట్లేనని చాలమంది సంతోషించినారు. గాలిలో ఆ వాయువు నిలువ మాత్రము ఆ ఏడును పెరిగినది. అడవులు, సముద్రములు పీల్చుకొనుదానికంటె మనము వదలునది అప్పటికిని చాల ఎక్కువ. హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముమీద 1958లో కొలత మొదలైనప్పుడు పది లక్షల భాగములలో 315 ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటినది. తొట్టి లెక్క తెలియనివానికి ఇది నమ్మశక్యముగాని సంగతివలె తోచును.

ఈ లెక్కను చిన్నతనమునుండియే నేర్పవలెనను ఉద్యమము ఒకటి ఉన్నది. దానిని వ్యవస్థా దృష్టి అందురు. ఒక వస్తువును విడిగాగాక, దానికి వచ్చునది, దానినుండి పోవునది, దాని ప్రభావము తిరిగి దానిమీదికే వచ్చు తీరు, ఆ ప్రభావము వచ్చుటలోని జాప్యము, వీటినన్నింటిని కలిపి చూచుటయే ఆ దృష్టి. ఎం.ఐ.టి.లో విద్యుత్ ఇంజనీరుగా పేరుపొందిన జే ఫారెస్టర్ 1956 తరువాత ఈ శాస్త్రమునకు పునాది వేసినాడు. మొదట కర్మాగారముల నిర్వహణకు, తరువాత పట్టణములకు, ఆపైన భూగోళమంతటికిని దీనిని అన్వయించినారు. 1972లో వెలువడిన 'లిమిట్స్ టు గ్రోత్' అను గ్రంథము ఈ పద్ధతి ఫలమే. 1980లలో ఎం.ఐ.టి.లో పదవీవిరమణ చేసిన గోర్డన్ బ్రౌన్ అను ఆచార్యుడు అరిజోనాలోని టూసాన్ పట్టణములో ఒక పాఠశాల ఉపాధ్యాయులకు దీనిని పరిచయము చేసినాడు. అక్కడినుండి ఇది బడులలో వ్యాపించినది. సుస్థిరాభివృద్ధి అను మాట ప్రచారములోనికి వచ్చిన పిమ్మట ఈ రెండును కలిసిపోయినవి. చెట్టు, నీరు, మట్టి, చెత్త అను పాఠములద్వారా వ్యవస్థా దృష్టిని నేర్పవలెనని ఇప్పుడు అనేక దేశములలో చెప్పుచున్నారు.

ఆశయము మంచిదే. ఆచరణలో జరుగుచున్నదానిపైననే నా విమర్శ.

పర్యావరణ శిబిరములలో తప్పక ఆడించు ఆట ఒకటి ఉన్నది. జోసెఫ్ కార్నెల్ 1979లో వ్రాసిన 'షేరింగ్ నేచర్ విత్ చిల్డ్రన్' అను పుస్తకమువలన ఇది లోకమంతట పాకినది. పిల్లలు వలయముగా నిలువబడుదురు. ఒకడు చెట్టు, ఒకతె పిట్ట, ఒకడు పురుగు, ఒకతె నేల. దారపుండ ఒకరి చేతినుండి మరొకరి చేతికి పోవుచు చివరకు పెద్ద వల ఏర్పడును. అప్పుడు చెట్టు పడిపోయినదనగానే ఆ పిల్లవాడు దారమును లాగును. ఆ కుదుపు అందరి చేతులకు తగులును. పిల్లలు కేరింతలు కొట్టుదురు. నేనును ఈ ఆటను ఆడించినాను. ఆ సంతోషమును కాదనను.

కాని దీనివలన పిల్లవాడు ఏమి నేర్చుకొన్నాడు? అన్నియు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవని నేర్చుకొన్నాడు. ఇది శాస్త్రము కాదు, వేదాంతము. మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలిసినదే. ఈ వలలో దారములన్నియు ఒకే లావు. పులికి జింకతోనున్న సంబంధమును, పులికి తుమ్మెదతోనున్న సంబంధమును ఒకే ఉండనుండి తీసిన దారముతో కట్టినాము. కుదుపు తక్షణమే తగులును. ప్రకృతిలోనైనచో అది పదేండ్లకు తగులవచ్చును, అసలు తగులకపోవచ్చును. ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి. ఒక్క దారము లాగినంతనే అంతయు కదలునని పిల్లలు నమ్ముదురు. నిజమైన వ్యవస్థలలో చాలభాగము చిన్న కుదుపులను తమంతట తామే సరిచేసికొనును. ఎప్పుడు సరిచేసికొనునో, ఎప్పుడు చేసికొనలేదో తెలిసికొనుటయే అసలు విద్య. దారపుండ ఆ సంగతి చెప్పజాలదు.

బాణముల బొమ్మలకును ఇదే దోషము. సముద్రము, మేఘము, వాన, నది, మరల సముద్రము అని నీటిచక్రమును నల్లబల్లమీద నాలుగు బాణములతో గీయుదుము. ఇజ్రాయెల్ దేశపు పరిశోధకులు ఓరిట్ బెన్-జ్వీ అసరాఫ్, నీర్ ఓరియన్ 2005లో ప్రకటించిన అధ్యయనములో పిల్లలచేత ఈ చక్రమును గీయించినారు. చాలమంది బొమ్మలలో భూగర్భజలమే లేదు. ఉన్నచోటకూడ అది కదలని నీటిగుంటవలె ఉన్నది. మన బొమ్మలలోనూ బోరుబావి కనబడదు. వేసవిలో బిందె పట్టుకొని బారులో నిలువబడు పిల్లవానికి తన ఊరి నీరు వచ్చు దారి తన పాఠములో లేకపోవుట చిన్న లోపమా?

మన పాఠ్యపుస్తకములను పూర్తిగా తప్పుపట్టుట న్యాయము కాదు. పర్యావరణ విద్య అన్ని తరగతులకును నిర్బంధము కావలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది, 2003లో మరల ఆదేశించినది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము తరువాత ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రచురించిన ప్రాథమిక తరగతుల పుస్తకములు అంతకుముందువాటికంటె ఎంతో సజీవములు. 2008లో వెలువడిన అయిదవ తరగతి పుస్తకములో జైసల్మేరులోని ఘడ్‌సీసర్ చెరువును గూర్చిన పాఠము నాకు చాల ఇష్టము. ఒక చెరువు నిండగా పొర్లిన నీరు దిగువ చెరువునకు, అది నిండగా ఆ దిగువదానికి, ఇట్లు తొమ్మిది చెరువులు నిండెడివి. కాకతీయుల కాలమునుండి మనకు తెలిసిన గొలుసుకట్టు చెరువుల పద్ధతియే ఇది. తెలుగు ఉపాధ్యాయుడు ఈ పాఠము చెప్పునప్పుడు తన ఊరి చెరువు కట్టమీదికి పిల్లలను తీసికొనిపోవచ్చును. రాకకు వాగు, పోకకు తూము, మితిమీరినదానికి అలుగు, నిలువను ఏటేట తగ్గించుటకు పూడిక. వ్యవస్థా శాస్త్రమునకు కావలసిన మాటలన్నియు మన రైతు నోట సిద్ధముగా ఉన్నవి. అయితే ఆ పాఠములో గొలుసు ఉన్నది గాని లెక్క లేదు. చెరువునకు ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎన్నినాళ్లు నిలిచినది అను ప్రశ్న లేకుండగనే పాఠము తరువాతి కథకు సాగిపోవును.

లెక్క లేనిచోట నీతి వచ్చి కూర్చుండును. "పండ్లు తోముకొనునప్పుడు కుళాయి కట్టివేయుము", "ప్రతి బొట్టు విలువైనది" అని గోడలమీద వ్రాయుదుము. ఈ మాటలు తప్పు కాదు. ఇవియే పర్యావరణ విద్య యనుకొనుట తప్పు. చిన్న లెక్క వేసి చూతము. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రమాణము మనిషికి రోజునకు 55 లీటర్లు. వేయిమంది జనాభాగల ఊరికి ఏడాదికి సుమారు 2 కోట్ల లీటర్లు. బోరుక్రింద ఒక పంట వరి పండించుటకు పొలములో సుమారు 1200 మిల్లీమీటర్ల లోతు నీరు పెట్టవలెననుకొన్నచో, ఎకరమునకు 48 లక్షల లీటర్లకు పైగా అగును. అనగా వేయిమంది ఏడాదిపొడుగున త్రాగి, వండుకొని, స్నానము చేసిన నీరు నాలుగు ఎకరముల వరికి ఒక పంటకాలములో సరిపోవును. ఊరివారందరును కుళాయిలు కట్టివేసి పదవవంతు మిగిల్చినారనుకొందము. ఆ మిగులు అరెకరము వరికికూడ చాలదు.

ఈ లెక్క విని రైతును నిందింపబూనుట మరియొక అజ్ఞానము. ఆ బియ్యము తినువారిలో పట్టణవాసులమైన మనమును ఉన్నాము. వరిని మద్దతుధరకు కొను ఏర్పాటు ఉన్నంతగా జొన్నకు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చినారు. ఇది అప్పులలోనున్న రైతునకు ఊరట. నీరు తోడుటకు అయ్యెడి ఖర్చును కనబడకుండ చేసినదికూడ. ఈ వలయములో అన్నముతినువాడు, ప్రభుత్వము, మిల్లు, మోటారు అన్నియు ఉన్నవి. కుళాయి పాఠములో ఒక్క పిల్లవాడే ఉన్నాడు. ఊరి నీరు పోవుటకు కారణము వాని అజాగ్రత్తయే అన్నట్లు చెప్పుచున్నాము. నా అసలు అభ్యంతరము ఇదే.

ఈ విషయములో మార్గము చూపిన పుస్తకము ఒకటి ఉన్నది. రాబ్ క్వాడెన్, ఆలన్ టికాట్‌స్కీ, డెబ్రా లైనీస్ కలిసి వ్రాసిన 'ది షేప్ ఆఫ్ చేంజ్' 2004లో అచ్చయినది. మసాచుసెట్స్ రాష్ట్రములోని ఒక చిన్న ఊరి బడిలో పాఠము చెప్పుచు తయారుచేసిన ఆటలివి. వీనిలో మొదటి ఆట మరీ సులువు. గదిలో ఒక గీత గీసి, వరుసకు ఇంతమంది లోపలికి, ఇంతమంది బయటికి అని పిల్లలనే నడిపింతురు. ప్రతిసారి లోపలనున్నవారిని లెక్కించి పటము గీయింతురు. మరియొక ఆటలో పాచికలు వేయుచు పూర్వకాలపు మామత్ ఏనుగుల మందలో చావుపుట్టుకలను లెక్కింతురు. పుట్టుకలకంటె చావులు కొంచెమే ఎక్కువైనను మంద ఎట్లు అంతరించునో పిల్లల చేతిలోని పటమే చూపును. ఉపాధ్యాయుడు ఉపన్యాసము ఈయనక్కరలేదు.

ఈ పుస్తకము గొప్పతనము దాని పేరులోనే ఉన్నది. మార్పునకు ఒక ఆకారముండును. అది సరళరేఖయా, వంగిన గీతయా, పైకి క్రిందికి ఊగునదియా అని పిల్లవాడు తన చేతితో గీసి తెలిసికొనును. బాణములు ఆ తరువాత వచ్చును. మన శిబిరములలో దీనికి తలక్రిందులుగా మొదటనే బాణములు గీయించి, కాలమును పూర్తిగా వదలివేయుచున్నారు. ఇదే ఉద్యమమునకు చెందిన మరియొక అమెరికా సంస్థ, వాటర్స్ కేంద్రము, వ్యవస్థా దృష్టిగలవాని 14 అలవాట్లు అని రంగుల అట్టలు అచ్చువేసినది. అట్టలు అందముగనే ఉన్నవి. కాని గోడకు తగిలించిన అలవాటు సుభాషితము అగును. దానిని చదివి వ్యవస్థా దృష్టి అలవడునని నేను నమ్మను.

'ది షేప్ ఆఫ్ చేంజ్'లోనూ కొరత లేకపోలేదు. మామత్ ఏనుగు పోయి వేల సంవత్సరములైనది. దాని మరణమునకు ఏ పిల్లవాడును, వాని తండ్రియు సంబంధపడరు. ఆటలోని సంఖ్యలు ఆటకొరకు కల్పించినవి. పిల్లవాడు ఆటలో నేర్చినదానిని తన ఊరికి అన్వయించుకొనునా అను ప్రశ్న మిగిలియే ఉన్నది. అందుచేత మన పాఠము చిల్లికుండతో మొదలై ఊరి బావిదగ్గరకు పోవలెనని నా అభిప్రాయము.

చిల్లికుండను మరల చూతము. నిమిషమునకొక గ్లాసు పోయుచు, ప్రతి నిమిషమును పుల్లతో లోతు కొలువుడు. మొదట నీరు త్వరగా పెరుగును. పెరిగినకొలది చిల్లినుండి ధార బలమగును. ధార బలమైనకొలది పెరుగుదల మందగించును. చివరకు పోయునదియు పోవునదియు సమానమై మట్టము ఒకచోట నిలిచిపోవును. పిల్లలు దీనిని చూచి ఆశ్చర్యపడుదురు. ఎవరును ఆపకుండ నీరు తనంత తానే ఆగినది! నిలువయే పోకను శాసించుచున్నది, పోక తిరిగి నిలువను శాసించుచున్నది. తిరుగు ప్రభావము అనునది ఇదే. ఇప్పుడు నిమిషమునకు రెండు గ్లాసులు పోసినచో మట్టము రెట్టింపు ఎత్తున నిలుచునా? నిలువదు. ధార వేగము లోతుయొక్క వర్గమూలమును అనుసరించునని టారిచెల్లీ 17వ శతాబ్దములో కనుగొన్నాడు. వేగము రెట్టింపు కావలెనన్నచో లోతు నాలుగింతలు కావలెను. ఒక గ్లాసుతో 4 అంగుళములవద్ద నిలిచిన నీరు రెండు గ్లాసులతో 16 అంగుళములకు పోవలెను. కుండ అంత ఎత్తు లేదు గనుక పొర్లిపోవును. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ వర్గమూలమును పటము గీసి పరీక్షింపవచ్చును. అయిదవ తరగతికి "రెట్టింపు పోస్తే రెట్టింపు నిలవలేదు" అని చూచుటయే చాలును.

పూర్వపు ఊటబావి ఈ కుండవంటిదే. మోటగాని కపిలగాని తోలుచున్న రోజులలో నీరు దిగినకొలది తోడుట కష్టమయ్యెడిది. ఎద్దులు అలసిపోయెడివి, ఊట తగ్గెడిది, రైతు ఆగెడివాడు. మరునాటికి బావి ఊరెడిది. బోరు, నీట మునుగు మోటారు వచ్చిన తరువాత ఈ తిరుగు ప్రభావము తెగిపోయినది. మట్టము దిగినచో రైతు ఆగుట లేదు, మరింత లోతుగా వేయుచున్నాడు. ప్రక్క రైతు బోరు ఎండినందున అతడును లోతుగా వేయుచున్నాడు. పడిన మట్టము తోడుటను తగ్గింపక లోతునకు పోటీ పెట్టుచున్నది. ఒకే నేల, ఒకే నీరు. వలయములోని ఒక ముడి మారినందున ఫలితము తలక్రిందులైనది. దీనిని పదేండ్ల పిల్లవాడు అర్థము చేసికొనలేడా? వాని ఇంటిలో రోజును మాటలాడుకొను సంగతియే గదా!

ఇక సంఖ్యలు. అనంతపురము ప్రాంతములో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. నల్లరాతి, గ్రానైటు నేలలో దానిలో సుమారు పదవవంతు, అనగా 55 మిల్లీమీటర్లు, లోపలికి ఇంకుననుకొందము. రాతిపొరలో నీరు నిలుచుటకు చోటు బహు తక్కువ. నూటికి రెండు వంతులనుకొన్నచో ఆ 55 మిల్లీమీటర్ల నీరు బావిమట్టమును రెండు మీటర్లకు పైగా లేపును. ఈ సంగతి పిల్లలకు వింతగా తోచును. మంచి వాన పడిన ఏట నీరు గబగబ లేచుటకును, తోడగనే గబగబ పడుటకును కారణము ఆ చిన్న చోటే. ఎకరము వరికి 1200 మిల్లీమీటర్లు కావలెను గనుక ఆ ఒక్క ఎకరము సుమారు 22 ఎకరములమీద ఇంకిన వానను త్రాగును. పెట్టిన నీటిలో కొంత తిరిగి నేలలోనికి ఇంకునని రైతులెవరైన చెప్పినచో వారి మాట నిజమే. నాలుగవవంతు తిరిగి ఇంకినదనుకొన్నను 16 ఎకరముల ఇంకుడు కావలెను. భాగహారము నేర్చిన పిల్లవాడు చేయదగిన లెక్క ఇది.

ఇట్టి లెక్కను తెలుగు రైతులు స్వయముగా చేసి చూపినారు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము ఒకటి 2003 నుండి కొన్నేండ్లు నడచినది. ఊరిలో వానమాపకము పెట్టుకొన్నారు. ఎంపిక చేసిన బావులలో పదిహేను రోజులకొకసారి మట్టము కొలిచినారు. రబీ పంటకు ముందు అందరును కూర్చుండి, వచ్చిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్క కట్టినారు. ఎవరిమీదను నిషేధము లేదు, జరిమానా లేదు. లోటు ఎంతో తెలిసిన తరువాత ఎవరి పంటను వారే నిర్ణయించుకొన్నారు. చాలమంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలవైపు మరలినారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశ భూగర్భజలముపై ప్రకటించిన నివేదికలో ఈ ప్రయత్నమును ప్రత్యేకముగా పేర్కొన్నారు. వారిలో ఎందరో బడి మెట్లు ఎక్కనివారు. వ్యవస్థా దృష్టి అను పేరు వారు వినియుండరు. దారపుండలు, రంగుల అట్టలు లేకుండగనే వారికి అది అలవడినది. తాడు, కొలబద్ద, నోటుపుస్తకము చాలినవి.

చిన్నపిల్లలకు ఇది అందదని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అందురు. బెన్-జ్వీ అసరాఫ్, ఓరియన్‌లు 2010లో ప్రకటించిన మరియొక అధ్యయనము ఈ సందేహమునకు కొంత సమాధానము. నాలుగవ తరగతికి చెందిన 40 మంది పిల్లలకు నీటిచక్రమును ప్రయోగములద్వారా, బయట తిరిగి చూచుటద్వారా నేర్పినారు. మొదట వ్యవస్థ అను భావమే లేనివారిలో చాలమంది, చివరకు భాగములను గుర్తించి వాటి మధ్యనున్న సంబంధములను చెప్పగలిగినారు. అందరును ఒకే ఎత్తునకు రాలేదు. కాలములో ముందుకు వెనుకకు ఆలోచించుట కొందరికి మాత్రమే పట్టుబడినది. నేను చూచినదియు ఇంచుమించు ఇట్లే ఉన్నది. నిలువ, రాక, పోక వారములో వచ్చినవి. తిరుగు ప్రభావము కుండ చూచినవారికి వచ్చినది, బొమ్మ చూచినవారికి రాలేదు. జాప్యము మాత్రము కష్టము. ఈ ఏడు తోడిన నీటి ఫలితము వచ్చే వేసవికి కనబడునని చెప్పుటకు ఒక వేసవి గడువవలసియే ఉన్నది. మన పాఠమునకు నలుబది నిమిషములే.

అసలు అడ్డంకి పిల్లల బుద్ధిలో లేదు, మరియొకచోట ఉన్నది. ఆ పాఠశాలలో మేము గోడమీద ఒక పెద్ద కాగితము అంటించి ఊరి నీటి జమాఖర్చు వ్రాసినాము. ఒకవైపు వాన, మరియొకవైపు ఇళ్లకు ఇంత, వరికి ఇంత, వేరుసెనగకు ఇంత. ఎవరి పేరును వ్రాయలేదు. రెండవనాడు అక్కడి ఉపాధ్యాయుడు నన్ను ప్రక్కకు పిలిచి, "వరి అన్న మాట తీసేస్తే మంచిదండి. మా ఊళ్లో బోరు కింద వరి వేసేది ముగ్గురే. వాళ్లలో ఒకరు బడికి గది కట్టించారు" అని మెల్లగా చెప్పినాడు.

ఆయనది పిరికితనమని నేను అనను. ఆ ఊరిలో ఆయన ఉద్యోగము చేయవలెను. నేను సాయంత్రము బస్సుకు తిరిగివచ్చువాడను. కుళాయి ఎవరిదియు కాదు గనుక దానిని గూర్చి పాఠము చెప్పుట సులువు, బోరు ఒకరిది. పుస్తకములు వ్రాయువారు, శిబిరములు నడుపువారు ఈ భేదమును తలచుటయే లేదు. అమెరికా పుస్తకమునకు మామత్ ఏనుగు ఎందుకు అనుకూలమైనదో నాకు ఆనాడు అర్థమైనది. వరి, వేరుసెనగ అను మాటలను కొట్టివేసి పంట 1, పంట 2 అని వ్రాసినాము. లెక్క మాత్రము మార్చలేదు.

మరుసటి వారము పోయి చూచునప్పటికి పంట 1 ప్రక్కన ఎవరో పెన్సిలుతో వరివెన్ను గీసియున్నారు. ఉపాధ్యాయుడు దానిని చెరుపలేదు. బడి వెనుక మోటారు తీసివేసిన పాత బోరు ఒకటి ఉన్నది. తాటికి ఇనుపగుండు కట్టి దానిలోనికి దించి, నీరు తగిలిన చప్పుడు వినబడగానే తాడు కొలిచి మట్టము వ్రాయవలెనని అనుకొన్నాము. జూన్‌లో తొలివానకు ముందే మొదటి కొలత తీయవలెను. తాడు పిల్లలు తెచ్చెదమన్నారు. చిల్లి ఎంతుందని అడిగిన బాలిక గుండు తెచ్చెదనన్నది.